నమ్యపేటికా మహోద్యమం

రాష్ట్ర ఊరగాయల సమాఖ్యకి మేనేజింగ్ డైరెక్టరుగా వచ్చేదాకా ప్రద్యుమ్నరావు గారికి ఊరగాయ అంటే కంచంలో ఓ పక్కన ఉండేదని మాత్రమే తెలుసు. అది అంతకుముందు ఒక డబ్బాలో ఉంటుందనీ, ఆ డబ్బాకి డబ్బు ఖర్చవుతుందనీ ఆయనకి తెలిసింది బెంగుళూరులో, పౌచ్‌లు తయారుచేసే కంపెనీల వాళ్ళు పెద్ద హోటల్లో పెట్టిన సదస్సులో. వెళ్ళేటప్పుడు మామూలు అధికారిలాగే వెళ్ళారు. వచ్చేటప్పుడు చొక్కా జేబులో మడతపెట్టిన పౌచ్ ఒకటి పెట్టుకుని, దేశానికి ఏదో చేసి తీరాలన్న పట్టుదలతో విమానం దిగారు.

మర్నాడే యూనిట్ మేనేజర్లందరికీ పిలుపు వెళ్ళింది. గోదావరి జిల్లా వేలంగిపాలెం యూనిట్ నుంచి పసుమర్తి హైమవతి వచ్చింది. ఆ యూనిట్ చేసేది ఒకటే పని. ఏటా వేసవిలో మామిడికాయలు కొని, ఆవకాయ పెట్టి, ప్లాస్టిక్ డబ్బాల్లో నింపి ప్రభుత్వ హాస్టళ్ళకి పంపడం. కాయ కొట్టే దగ్గర్నుంచి మూత బిగించేదాకా అంతా ఆ చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు ముప్పైమంది చేస్తారు. వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, మొగుళ్ళని ఒప్పించి పనిలోకి తెచ్చింది హైమవతే. అందుకని వాళ్ళ బాగోగులు తన బాధ్యతేనని ఆమె అనుకునేది. సమాఖ్య అలా అనుకోమని ఆమెకి ఎప్పుడూ చెప్పలేదు.

ప్రద్యుమ్నరావు గారు జేబులోంచి పౌచ్ తీసి బల్ల మీద పరిచి, అరచేత్తో సాపు చేశారు.

"ఖాళీ డబ్బాలతో లారీ వచ్చిందంటే ఆ లారీలో ఏం వచ్చినట్టు? గాలి వచ్చినట్టు. మనం గాలికి కిరాయి కడుతున్నాం. గాలికి గోడౌన్లు కట్టిస్తున్నాం. గాలికి కాపలా పెడుతున్నాం. ఇది డబ్బాలో నాలుగో వంతు ఖరీదు చేస్తుంది. ఏడాదికి సరిపడా పౌచ్‌లు ఒక బీరువాలో పడతాయి. ఇన్నేళ్ళుగా ఈ సంస్థ గాలి వ్యాపారం చేసింది, ఊరగాయ వ్యాపారం చెయ్యలేదు."

అందరూ చప్పట్లు కొట్టారు. హైమవతి కూడా కొట్టింది, ఎందుకంటే ఆయన చెప్పిన లెక్కలో తప్పేం లేదు. వాళ్ళింట్లో పాలు, నూనె, కందిపొడి అన్నీ ప్యాకెట్లలోనే వస్తున్నాయి, సుఖంగా ఉంది. కానీ ఆవకాయ సంగతి వేరు. ఆవకాయ ముక్కకి టెంక ఉండాలి. టెంకతో సహా కొట్టిన ముక్కయితేనే ఏడాది పొడుగునా బిగువు తప్పకుండా ఉంటుంది, లేకపోతే శ్రావణం నాటికే ముద్దయిపోతుంది. ఆ టెంక అంచు కత్తిలా ఉంటుంది. చెయ్యి ఎత్తి ఆ మాటే చెప్పింది.

ప్రద్యుమ్నరావు గారు ఆమె వైపు దయగా చూసి, టెంక ఏ పద్దు కిందకి వస్తుందని అడిగారు. ముడిసరుకు కిందకని గుమాస్తా చెప్పాడు. ఇది ప్యాకింగు మీద సమావేశమనీ, ముడిసరుకు మీద సమావేశం జరిగినప్పుడు మేడం గారు తమ అమూల్యమైన అభిప్రాయాన్ని తప్పక తెలపవచ్చనీ ఆయన సెలవిచ్చారు. ఆ రెండో సమావేశం ఇప్పటిదాకా జరగలేదు.

పౌచ్ అన్న మాట ఉద్యమానికి సరిపోయే మాట కాదని ఒక భాషా నిపుణుడిని పిలిపించి అడిగితే, ఆయన పౌచ్‌కి 'నమ్యపేటిక' అనీ, డబ్బాకి 'కఠినపేటిక' అనీ పేర్లు పెట్టి శాలువా కప్పించుకుని వెళ్ళాడు. ఆ వారంలోనే ఉత్తర్వు వెలువడింది: 'ఇందుమూలముగా సమస్త కార్యాలయములకు తెలియజేయునది ఏమనగా, సమాఖ్య పరిధిలో కఠినపేటికల వాడకము తక్షణము నిషేధింపబడినది.'

పరిధి అంటే ఎంతవరకో ఉత్తర్వులో లేదు కాబట్టి, ఎవరి భయం కొద్దీ వాళ్ళు పరిధిని పెంచుకుంటూ పోయారు. హెడ్డాఫీసు క్యాంటీన్‌లో గ్లాసులు పోయి టీ కవర్లలో వచ్చింది. గేటు దగ్గర వాచ్‌మన్ ఉద్యోగుల క్యారేజీలు ఆపి, పప్పూ కూరా కవర్లలోకి ఒంపించి, గిన్నెలు సాయంత్రం ఇస్తానని చీటీ రాసిచ్చాడు. ఆర్థిక సలహాదారు గారు తన బల్ల మీది పూలకుండీ తీయించి, గులాబీ మొక్కని నూనె ప్యాకెట్‌లోకి మార్పించారు. అది మొదట వాలిపోయింది, తర్వాత వాడిపోయింది. నమ్యతకి మొక్కలు ఇంకా అలవాటు పడాల్సి ఉందని ఆయన కింది ఉద్యోగుల దగ్గర వాపోయారు.

వేలంగిపాలెంలో పాత డబ్బాలన్నీ వేలం వేసేశారు. పాత ప్లాస్టిక్ కొనే వ్యాపారి ఒకడు కిలోల లెక్కన తూచుకుని పట్టుకుపోయాడు.

ఏప్రిల్ నెలాఖరుకి కాయ దిగింది. ఆడవాళ్ళలో పెద్దది గంటా నూకరత్నం. కత్తి ఎత్తిందంటే టెంక ఎక్కడ చీలాలో అక్కడే చీలుతుంది. మొదటి విడత ఆవకాయ కలిపి పౌచ్‌లలో నింపారు. నూకరత్నం నిండిన పౌచ్‌ని అరచేతిలో పెట్టుకుని చూసి, "అమ్మగారూ, దీన్ని ఎత్తుకుంటే పసిపిల్లని ఎత్తుకున్నట్టుందండి. మెడ నిలబట్టం లేదు" అంది. అందరూ నవ్వారు. లారీ కదిలింది.

లారీ హాస్టళ్ళకి చేరేసరికి పౌచ్‌ల్లో సగం చిల్లులు పడ్డాయి. ఎర్రటి నూనె లారీ చెక్కల సందుల్లోంచి రోడ్డంతా కారింది. దారిలో ఎవరో అది రక్తమనుకుని పోలీసులకి ఫోను చేశారట, వాళ్ళు లారీ ఆపి, డ్రైవర్ని దింపి, వాసన చూసి, తలో పౌచ్ తీసుకుని వదిలేశారట. వార్డెన్లు ఫిర్యాదు చేశారు. హైమవతి కూడా ఊరుకోకుండా, కాస్త దళసరి పౌచ్ అయితే ఆగొచ్చని హెడ్డాఫీసుకి రాసింది. దళసరి పౌచ్‌కి డబ్బా అంత ఖరీదవుతుందనీ, ఇప్పటి పౌచ్‌తో మిగిలే సొమ్ము గురించి ఇప్పటికే పత్రికల్లో ప్రకటించేశాం కనుక సొమ్ము మిగిలి తీరాలనీ జవాబొచ్చింది.

తప్పెవరిదో తేల్చడానికి ఒక ఉపసంఘం వేశారు. ఉపసంఘం వేలంగిపాలెం వచ్చి, కొబ్బరి బొండాలు తాగి, చిల్లుపడ్డ పౌచ్‌లు పరీక్షించి, పౌచ్ తనంతట తాను ఎక్కడా పగలలేదని నిర్ధారించింది. ప్రతి చిల్లు వెనకా ఒక టెంక ఉంది. 'నమ్యపేటిక నిర్దోషి. దోషము సంపూర్ణముగా టెంకయందు కలదు' అని నివేదిక తేల్చేసింది. టెంక తీసేస్తే ముక్క నిలవుండదని హైమవతి మొత్తుకుంటే, ఉపసంఘం అధ్యక్షుడు ఆలోచించి మధ్యేమార్గం సూచించారు. టెంక ఉంచండి, దాని అంచులు మాత్రం అరగదీయండి అన్నారు.

వడ్రంగులు వాడే ఉప్పు కాగితం కట్టలు కట్టలుగా దిగింది. ముప్పైమంది ఆడవాళ్ళూ కత్తులు పక్కన పెట్టి, చెట్టు నీడన బారులు తీరి కూర్చుని, ఒక్కొక్క మామిడి ముక్కనీ చేతిలోకి తీసుకుని టెంక అంచు అరగదీయడం మొదలుపెట్టారు. ముక్కలు నున్నగానే తయారయ్యాయి, ఆ మాట ఒప్పుకోవాలి. మెడలో వేసుకోవచ్చు అనిపించేటట్టున్నాయి. కానీ పొద్దున్నుంచి సాయంత్రందాకా అందరూ కలిసి అరగదీసినవి ఒక బేసిన్ నిండలేదు. అవతల షెడ్డులో కాయ గుట్టలు గుట్టలుగా పడి ఉంది. కాయ ఆగదు కదా. మూడోనాటికి గుట్ట లోపలినుంచి పండు వాసన మొదలైంది.

ఆ వాసన ఎక్కడికి దారితీస్తుందో హైమవతికి తెలుసు. కాయ పండిపోతే ఆవకాయ లేదు. ఆవకాయ లేకపోతే సరఫరా తప్పుతుంది. సరఫరా తప్పిన యూనిట్‌ని మూసేసి, మనుషులని తీసేయాలని సమాఖ్య నిబంధన. నూకరత్నం లాంటి వాళ్ళకి ఈ వయసులో ఇంకెవరు పని ఇస్తారు? తను నచ్చజెప్పి తెచ్చిన మనుషులు. వాళ్ళ ముఖం చూడలేక ఆ రోజంతా ఆమె ఆఫీసు గది దాటి బయటికి రాలేదు.

ఆమెకి ఆ గదిలోనే ఉపాయం తట్టింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఒకటి అర్థమైంది, సమాఖ్యకి వస్తువుతో పేచీ ఉండదు, వస్తువు ఏ పద్దులో ఉందన్నదే పేచీ. మర్నాడు బస్సెక్కి రాజధాని వెళ్ళి ప్రద్యుమ్నరావు గారి ఎదుట నిలబడింది.

"సార్, మన నమ్యపేటికలకి రక్షణ లేదు. అంత విలువైన ఆస్తిని ఊరికే లారీలో పడేసి పంపుతున్నాం. ఒక్కో నమ్యపేటికకి ఒక్కో రక్షక కవచం పెడితే ఒక్కటి కూడా పగలదు."

"కవచమంటే?"

"గుండ్రంగా, గట్టిగా ఉంటుంది సార్. పైన మూత ఉంటుంది."

ప్రద్యుమ్నరావు గారు కళ్ళు మూసుకుని ఊహించారు. ఆర్థిక సలహాదారుని పిలిచి, దీని ఖర్చు ప్యాకింగు పద్దులో పడుతుందా అని అడిగారు. పడదు, భద్రత పద్దులో పడుతుందని ఆయన చెప్పారు. భద్రత పద్దులో డబ్బు పుష్కలంగా ఉంది, ఎందుకంటే ఊరగాయలు దొంగిలించడానికి ఇంతవరకు ఎవరూ రాలేదు. అప్పటికప్పుడు సంతకమైంది. వేలంలో డబ్బాలు కొనుక్కున్న వ్యాపారి దగ్గరికే మళ్ళీ మనిషిని పంపారు. అతను బేరం దగ్గర పెద్దగా ఇబ్బంది పెట్టలేదు, కొన్నదానికి రెట్టింపు మాత్రమే అడిగాడు.

ఇక మిగిలింది నింపడం. ఆవకాయ నింపిన పౌచ్‌ని డబ్బాలో పెట్టి చూశారు. టెంక గుచ్చుకుని పౌచ్ చిరిగి, నూనె డబ్బాలోకి దిగింది. అప్పుడు హైమవతి, తలుపు దగ్గరికి వేసి, నూకరత్నానికి మెల్లగా చెప్పింది. ఆవకాయ డబ్బాలోనే నింపెయ్యండి, ఖాళీ పౌచ్‌ని నాలుగు మడతలు పెట్టి మూత కింద ఉంచండి. నూకరత్నం చీర కుచ్చెళ్ళు దోపుకుని కత్తి అందుకుంది. పండిపోగా మిగిలిన కాయంతా వారం తిరక్కుండా ఆవకాయ అయిపోయింది. షెడ్డంతా ఆవఘాటు కమ్మేసింది, అందరికీ తుమ్ములే తుమ్ములు. హైమవతికి ఏడుపొచ్చింది. ఘాటు వల్ల అని చెప్పింది గానీ, సంతోషం వల్ల.

కవచాలొచ్చాక ఆ ఏడాది రాష్ట్రంలో ఒక్క నమ్యపేటిక కూడా పగలలేదు. ఎలా పగులుతుంది, ఖాళీగా మడత పెట్టుకుని మూత కింద పడుకుని ఉంటే? మిగతా యూనిట్ల వాళ్ళు కూడా వేలంగిపాలెం వచ్చి చూసి, నోరు మూసుకుని అదే పద్ధతి పట్టారు. ప్యాకింగు ఖర్చు నాలుగో వంతుకి దిగింది, నష్టం సున్నా. ఢిల్లీలో ప్రద్యుమ్నరావు గారికి వెండి పళ్ళెం ఇచ్చారు. పళ్ళెం కఠినమైనదే అయినా, దాన్ని పేటిక అనలేం కనుక ఆయన స్వీకరించారు. హైమవతికి ప్రశంసాపత్రం వచ్చింది. అది తీసుకుంటూ ఆమె లోపల్లోపల నవ్వుకుంది. పెద్దవాళ్ళ బుర్రలో దూరి, వాళ్ళ తాళంతోనే తలుపు తీసుకుని బయటపడ్డానని ఆమెకి గర్వంగా ఉండేది. హాస్టళ్ళలో పిల్లలు ఎప్పటిలాగే అన్నంలో ఆవకాయ కలుపుకుని తిన్నారు.

ఆ సంబరం మాఘమాసం దాకా సాగింది. అప్పుడొచ్చారు లెక్కల తనిఖీ అధికారి విశ్వేశ్వరం గారు.

విశ్వేశ్వరం గారు నవ్వరు, కోప్పడరు, టీ ఇస్తే తాగరు. నిజాయితీ గల మనిషి. వేలంగిపాలెం గోడౌన్‌లో ఒక డబ్బా మూత తీయించి, మడతలు పెట్టిన పౌచ్‌ని రెండు వేళ్ళతో పైకి తీసి, లోపలికి చాలాసేపు చూశారు. దొంగతనం దొరికిపోయిందనే హైమవతి అనుకుంది. నిజం చెప్పాలంటే, దొరికిపోతే బాగుండునని కూడా అనుకుంది, ఎప్పటికైనా ఎవరైనా ఒకరు, ఇదేంటి, డబ్బాలో ఊరగాయే కదా అనాలి కదా.

విశ్వేశ్వరం గారు అడిగిన ప్రశ్న వేరు. "రక్షక కవచంలో నమ్యపేటిక ఉంది. సక్రమం. దాని కింద ఎర్రగా ఉన్నదేమిటి?"

"ఆవకాయండి."

"అది రక్షణలో భాగమా?"

అవునంటే ఆవకాయ ఖర్చు భద్రత పద్దులో పడాలి, అక్కడ లేదు. కాదంటే కవచంలో దానికి చోటు లేదు. ఆవకాయ లేకపోతే హాస్టళ్ళకి ఏం పంపుతాం సార్ అని మాత్రం హైమవతి అనగలిగింది. ఆయన హాస్టళ్ళ సరఫరా ఒప్పంద పత్రం తెప్పించుకుని చదివారు. ఉద్యమం జోరులో ఉన్నప్పుడు ప్రద్యుమ్నరావు గారు డబ్బాలన్న చోటల్లా నమ్యపేటికలని మార్పించి ఉన్నారు. హాస్టళ్ళకి ఇన్ని నమ్యపేటికలు చెక్కు చెదరకుండా అందజేయవలెనని ఉంది. అంతకుమించి లేదు.

నెల తిరక్కుండా తనిఖీ నివేదిక హెడ్డాఫీసుకి చేరింది. కవచముల యందు పేటికలతోబాటు అన్య పదార్థము గమనింపబడినదనీ, సమాఖ్య వ్యయములో అత్యధిక భాగము సదరు అన్య పదార్థము నిమిత్తమే జరుగుచున్నదనీ, లోగడ పేటికలు పగులుటకు కూడ ఇదే కారణమని ఉపసంఘము నిర్ధారించియున్నదనీ, కావున దీనిని తొలగించినచో పొదుపు సంపూర్ణమగుననీ అందులో ఉంది. ప్రద్యుమ్నరావు గారు ఆ నివేదిక చదివి, ఇంత స్పష్టమైన ఆలోచన తనకెందుకు రాలేదా అని ఆ రోజు భోజనం కూడా సరిగ్గా చెయ్యలేదట.

హైమవతి పరుగున వెళ్ళింది. ఈసారి ఏ ఉపాయమూ లేకుండా, ఉన్నదున్నట్టు చెప్పింది. పౌచ్ వట్టిదనీ, అది తను ఆడిన నాటకమనీ, అసలు సరుకు ఆవకాయనీ, పిల్లలు తినేది అదేననీ. ప్రద్యుమ్నరావు గారు ఓపిగ్గా విన్నారు.

"మీరు మరీ వినయంగా మాట్లాడుతున్నారు మేడం. అది నాటకం కాదు, ఈ దశాబ్దపు ఆవిష్కరణ. వెండి పళ్ళెం ఊరికే ఇస్తారా? మీ బాధ నాకు తెలుసు, మీ ఆడవాళ్ళ గురించేగా. ఒక్కరినీ తియ్యం. పేటికలు మడతపెట్టాలి, కవచాల్లో పెట్టాలి, మూతలు బిగించాలి. జీతం కూడా కొంచెం పెంచుతున్నాం."

ఆమె ఏ మాట కోసం ఇంత చేసిందో, ఆ మాటే ఆయన నోటినుంచి వచ్చింది. దణ్ణం పెట్టి వచ్చేసింది.

ఆ వేసవి వేలంగిపాలెంలో కాయ దిగలేదు. ముప్పైమందీ టంచనుగా వచ్చారు. శుభ్రమైన బల్లల ముందు కూర్చుని, పౌచ్ తీసి, నాలుగు మడతలు పెట్టి, ఖాళీ డబ్బాలో ఉంచి, మూత బిగించారు. లారీ గలగలమంటూ తేలిగ్గా వెళ్ళి వచ్చింది. వార్డెన్లు 'అందినవి, పగిలినవి లేవు' అని సంతకాలు చేసి పంపారు. ఒక వార్డెన్ మాత్రం పిల్లలు అన్నంలోకి ఏం వేసుకోవాలని అడిగితే, ఆ విషయం సమాఖ్య పరిధిలోనిది కాదని జవాబు వెళ్ళింది. ఆ జవాబు రాసింది హైమవతే. రాయమన్నారు, రాసింది.

ఒక సాయంత్రం పని ముగిశాక నూకరత్నం ఆఫీసు గది గుమ్మంలో నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు.

"జీతం బానే ఇత్తన్నారండి, పని సుఖంగానే ఉందండి. మేమేం వంకలు పెట్టట్లేదు. కానీ అమ్మగారూ, ఇంటికెళ్ళాక చేతులు మండట్లేదండి. ఇన్నేళ్ళూ వేసవొచ్చిందంటే రేత్రి చేతులు భగ్గుమని మండేయి, గిన్నెలో నీళ్ళెట్టుకుని కూచునేవాళ్ళం. ఇప్పుడు మండకపోతే పని చేసినట్టే లేదండి. మా మనవరాలు హాస్టల్లో చదూకుంటందండి. మొన్న సెలవుకొచ్చి, నా చేతులు వాసన చూసి, మామ్మా, ఊరగాయ పెట్టడం మానేశావా అనడిగింది. ఏం చెప్పమంటారు?"

మానలేదని చెప్పు నూకరత్నం, అన్య పదార్థం మాత్రం తొలగించామని చెప్పు అనేసింది హైమవతి. ఆ మాటలు తన నోటినుంచే వచ్చాయని అర్థమయ్యేసరికి సిగ్గుతో చచ్చిపోయింది. నూకరత్నం అర్థమైనట్టే తలూపింది. చదువుకున్న వాళ్ళ మాట తనకి అర్థం కాకపోవడం తన తప్పేనని ఆమె అనుకుంటోందని తెలుస్తూనే ఉంది.

హైమవతి ఆ రోజే హెడ్డాఫీసుకి రాసింది, ఆడవాళ్ళకి పనిలో తృప్తి లేదని. ప్రద్యుమ్నరావు గారు మానవత్వం ఉన్న మనిషి. వెంటనే కదిలిపోయి ఉత్తర్విచ్చారు. చేతులు మండుటకుగాను ప్రతి కార్మికురాలికీ పని ముగింపు వేళ గుప్పెడు కారము సంక్షేమ పద్దు కింద మంజూరు చేయబడినది. కారం పౌచ్‌లోనే వచ్చింది, చిల్లు పడకుండా.

మొదటి సాయంత్రం హైమవతి స్వయంగా గేటు దగ్గర నిలబడి అందరికీ పంచింది. చేతులకి రాసుకోండి అని కూడా చెప్పింది, ఉత్తర్వులో అలాగే ఉంది మరి. నూకరత్నం గుప్పెడు కారమూ తీసుకుంది గానీ చేతులకి రాసుకోలేదు. పమిట కొంగు పరిచి, అందులో పోసుకుని, పిసరు కూడా రాలకుండా ముడి వేసుకుంది. ఆదివారం హాస్టలుకి వెళ్తున్నానంది. వెనకనున్న వాళ్ళు కూడా ఒక్కొక్కరే కొంగులు చాపారు.

ఆ ఏడాది సమాఖ్య నుంచి హాస్టల్ పిల్లల కంచాల్లోకి చేరిన సరుకు అదొక్కటే.